పక్షవాతం తరువాత మనుగడ - ఆదాయం, నివాస ప్రాంతాల ప్రభావం

పక్షవాతం (స్ట్రోక్) వచ్చి ప్రాణాపాయం నుండి బయటపడిన వ్యక్తి ఆ తరువాత ఎంతకాలం జీవిస్తాడన్నది వ్యాధి తీవ్రత, వయస్సు, అంతకుముందే ఉన్న జబ్బులతో పాటు ఆ వ్యక్తి ఆదాయం మీద, నివసించే ప్రాంతం మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ సంబంధంపై అనేక దేశాలలో పరిశోధనలు జరిగాయి. వైద్య ఖర్చులను ప్రధానంగా ప్రభుత్వమే భరించే కెనడా, స్వీడన్ వంటి దేశాలలో సైతం పేదలకు, సంపన్నులకు మధ్య ఈ వ్యత్యాసం కనిపించడం గమనింపదగిన విషయం. ప్రపంచవ్యాప్తంగా 2019లో సుమారు 1.22 కోట్ల మందికి కొత్తగా పక్షవాతం వచ్చినట్లు, సుమారు 65 లక్షల మంది దానివల్ల మరణించినట్లు అంచనా. ఈ మరణాలలో అధిక భాగం అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనే సంభవించాయి.

వ్యాధి స్వభావం

మెదడులోని ఏదైనా భాగానికి రక్తప్రసరణ హఠాత్తుగా ఆగిపోవడాన్ని గాని, మెదడులో రక్తనాళం చిట్లి రక్తస్రావం కావడాన్ని గాని వైద్యులు స్ట్రోక్ అంటారు. తెలుగులో దీనిని మెదడుపోటు అని కూడా వ్యవహరిస్తారు. నిజానికి పక్షవాతం అంటే శరీరంలో ఒక పక్క చచ్చుబడిపోవడం. అది ఈ వ్యాధి లక్షణాలలో ఒకటి మాత్రమే. అయినా వాడుకలో వ్యాధికే ఆ పేరు స్థిరపడింది. కాలువలో పూడిక పడితే దిగువనున్న మడికి నీరు అందనట్లే, ధమనిలో రక్తపుగడ్డ అడ్డుపడితే దాని అవతలనున్న మెదడు కణాలకు ప్రాణవాయువు అందదు. ఎక్కువ మందిలో వచ్చేది ఈ రకమే.

ముఖం ఒక పక్కకు వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం లేదా పడిపోవడం దీని ముఖ్య లక్షణాలు. ఇవి కనిపించిన వెంటనే రోగిని స్కానింగ్ సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చాలి.

కొలిచే విధానం

మనుగడను సాధారణంగా మూడు దశలుగా లెక్కిస్తారు. మొదటి 28 లేదా 30 రోజులలో జరిగే మరణాలకు మెదడుకు కలిగిన దెబ్బ, ఆసుపత్రిలో అందిన చికిత్స ప్రధాన కారణాలు. సంవత్సరం లోపు మరణాలలో ఊపిరితిత్తుల వాపు (న్యుమోనియా), ఇతర అంటురోగాలు, మళ్ళీ వచ్చే పక్షవాతం ముఖ్యమైనవి. అయిదేళ్ళు, పదేళ్ళ కాలాన్ని దీర్ఘకాలం అంటారు. ఈ దశలో గుండెజబ్బులు, మరొకసారి వచ్చే పక్షవాతం ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. ఆసుపత్రిలో జరిగే వైద్యం కంటే ఇంటివద్ద ఏళ్ళ తరబడి సాగే సంరక్షణకు ఈ దశలో ప్రాధాన్యం ఎక్కువ.

నివాస ప్రాంతం ప్రభావం

రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఈ మందును అమెరికా ప్రభుత్వం 1996లో ఆమోదించింది. అప్పట్లో గడువు మూడు గంటలే. 2008లో వెలువడిన ఒక ఐరోపా పరిశోధన తరువాత దానిని నాలుగున్నర గంటలకు పెంచారు. రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతానికి ఇదే మందు ఇస్తే ప్రమాదం కనుక ముందుగా సి.టి. స్కాన్ తీయడం తప్పనిసరి. పెద్ద ధమనిలో అడ్డుపడిన గడ్డను సన్నని గొట్టంతో బయటకు లాగే చికిత్స 2015 నుండి వ్యాప్తిలోకి వచ్చింది. 2018 తరువాత దీనిని ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు చేస్తున్నారు. అయితే ఇది నిపుణులున్న పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యం. ఆ విధంగా రోగి ఇంటికి, ఆసుపత్రికి మధ్యనున్న దూరమే చికిత్స అందుతుందా లేదా అన్నదానిని నిర్ణయిస్తుంది.

కేరళ రాజధాని తిరువనంతపురం నగరంలోను, ఆ జిల్లా గ్రామీణ ప్రాంతంలోను 2005లో ఆరు నెలల పాటు పక్షవాత రోగులను నమోదు చేశారు. దీని ఫలితాలు 2009లో ప్రచురింపబడినవి. వ్యాధి వచ్చే రేటు పట్టణంలోను, పల్లెలోను దాదాపు ఒక్కటే. కాని 28 రోజులలోపు మరణించినవారు పట్టణంలో 24.5 శాతం కాగా గ్రామాలలో 37.1 శాతం. అంటే పట్టణంలో నలుగురిలో ఒకరు, పల్లెలో ముగ్గురిలో ఒకరికి పైగా నెల తిరగకుండానే మరణించారు. గ్రామీణ రోగుల సంఖ్య తక్కువే అయినప్పటికీ భారతదేశంలో పల్లెకు, పట్నానికి మధ్యనున్న అంతరాన్ని చూపిన తొలి అధ్యయనాలలో ఇది ఒకటి.

అమెరికా ఆగ్నేయ భాగంలోని అలబామా, జార్జియా, మిసిసిపి, దక్షిణ కరొలైనా తదితర రాష్ట్రాలకు "స్ట్రోక్ బెల్ట్" అని పేరు. ఇక్కడ పక్షవాత మరణాల రేటు దేశ సగటు కంటే ఎక్కువగా ఉన్నట్లు 1960వ దశకంలోనే గుర్తించారు. దీని కారణాలను తెలుసుకోవడానికి 2003-2007 మధ్య 30 వేల మందికి పైగా నల్లజాతి, శ్వేతజాతి పౌరులను చేర్చుకుని ఒక బృహత్ అధ్యయనం ప్రారంభించారు. అయితే మరణాల రేటులో రెండు అంశాలు కలిసి ఉంటాయి. ఒకటి, ఎంతమందికి వ్యాధి వచ్చింది. రెండు, వచ్చినవారిలో ఎంతమంది మరణించారు. కనుక ఒక ప్రాంతంలో మరణాలు ఎక్కువైనంత మాత్రాన అక్కడి రోగులు త్వరగా మరణిస్తున్నారని చెప్పలేము.

ఆదాయం ప్రభావం

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1994-1997 మధ్య ఆసుపత్రులలో చేరిన దాదాపు 39 వేల మంది పక్షవాత రోగుల వివరాలను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోగి నివసించే పేట మధ్యగత ఆదాయం ప్రతి 10,000 డాలర్లు పెరిగినకొద్దీ 30 రోజులలో మరణించే అపాయం 9 శాతం, ఏడాదిలో మరణించే అపాయం 5 శాతం తగ్గినట్లు అందులో తేలింది. అక్కడ ఆసుపత్రి వైద్యం అందరికీ ఉచితమే. అయినా సంపన్నుల పేటల రోగులకు వ్యాయామ చికిత్స (ఫిజియోథెరపీ) ఎక్కువగా లభించింది. మెడలోని ధమనికి చేసే శస్త్రచికిత్స కొరకు పేదలు ఎక్కువ రోజులు వేచి ఉండవలసి వచ్చింది.

స్వీడన్ జాతీయ పక్షవాత నమోదు వ్యవస్థ 1994లో ఏర్పడింది. 2001-2009 మధ్య అందులో నమోదైన 60 వేలకు పైగా రోగుల సమాచారాన్ని విశ్లేషించగా మొదటి వారం దాటిన తరువాత ఆదాయాన్ని బట్టి తేడా మొదలై, రోజులు గడిచేకొద్దీ పెరిగినట్లు కనిపించింది. తక్కువ ఆదాయం, తక్కువ చదువు, ఒంటరి జీవనం - ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ మరణాపాయాన్ని విడిగా పెంచినది. అదే దేశంలోని గోథెన్‌బర్గ్ నగరంలో 6,901 మంది రోగులపై జరిగి 2025లో వెల్లడైన అధ్యయనంలో, అధిక ఆదాయం గలవారికి మరణాపాయం 32 శాతం, ఉన్నత విద్య చదివినవారికి 26 శాతం తక్కువగా ఉన్నది.

వ్యత్యాసానికి కారణాలు

* మందులు: పక్షవాతం మళ్ళీ రాకుండా రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్ మందులను, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలను జీవితాంతం వాడాలి. రక్తపోటుకు పైకి బాధ తెలియదు కనుక డబ్బుకు ఇబ్బంది కలిగినప్పుడు మొదట మానేసేది ఆ మాత్రలనే.
* పునరావాసం: నడక, మాట, మింగడం తిరిగి నేర్పే చికిత్స నెలల తరబడి సాగాలి. మింగడంలో లోపమున్నవారికి ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చు. మంచం పట్టినవారికి పుండ్లు పడతాయి.
* సంరక్షకులు: రోజు కూలితో గడిచే ఇంట్లో ఒకరు మంచాన పడితే, చూసుకోవడానికి మరొకరు పని మానుకోవాలి. ఆ విధంగా ఇంటికి రెండు సంపాదనలు పోతాయి.
* పూర్వస్థితి: ధూమపానం, అదుపులో లేని రక్తపోటు పేదవర్గాలలో ఎక్కువగా ఉన్నచోట వారికి వ్యాధి చిన్న వయస్సులోనే, మరింత తీవ్రంగా రావచ్చు.

ఫలితాలను అర్థం చేసుకోవడంలో జాగ్రత్తలు

పేదరికం అనారోగ్యానికి దారితీసినట్లే అనారోగ్యం కూడా పేదరికానికి దారితీస్తుంది. అందువలన పరిశోధకులు వీలైనంతవరకు వ్యాధి రాకముందు ఉన్న ఆదాయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. పేట సగటు ఆదాయం అక్కడి ప్రతి కుటుంబానికీ వర్తించదు. ఆసుపత్రి రికార్డులపై ఆధారపడిన లెక్కలలో అసలు ఆసుపత్రికి చేరకుండానే ఇంటివద్ద మరణించినవారు కనిపించరు. పేద, మారుమూల ప్రాంతాలలో అటువంటివారు ఎక్కువైతే నిజమైన అంతరం లెక్కలలో తేలినదానికంటే పెద్దదై ఉంటుంది.

అంతరాన్ని తగ్గించే ప్రయత్నాలు

జర్మనీలోని బవేరియాలో 2003 నుండి చిన్న ఆసుపత్రుల వైద్యులకు పెద్ద ఆసుపత్రుల నిపుణులు వీడియో ద్వారా సలహాలిస్తున్నారు. స్కానింగ్ యంత్రాన్నే అంబులెన్సులో అమర్చి రోగి ఇంటికి పంపే పద్ధతిని ఆ దేశంలోనే హోంబర్గ్‌లో 2008లో మొదటిసారి అమలుచేశారు. కొండప్రాంతమైన హిమాచల్ ప్రదేశ్‌లో 2014లో ఇటువంటి దూరవైద్య పథకం ప్రారంభమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ గ్రామాలకు, ఆసుపత్రులకు మధ్య దూరాన్ని కొంత తగ్గించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు ఆసుపత్రి ఖర్చు భారాన్ని తగ్గించింది. అయితే ఇటువంటి బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సను ఉద్దేశించినవి. ఇంటికి చేరిన తరువాత వాడవలసిన మందులు, చేయించవలసిన వ్యాయామం చాలావరకు కుటుంబం మీదనే పడతాయి.

ఈ భారాన్ని కుటుంబ సభ్యులకు శిక్షణ ఇవ్వడం ద్వారా తీర్చవచ్చునా అన్నది తెలుసుకోవడానికి భారతదేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో ఒక పరీక్ష జరిగింది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఇంట్లోవారు శిక్షణ పొంది వ్యాయామం చేయించినప్పటికీ ఆరు నెలల తరువాత మరణాలలో గాని, పరాధీనతలో గాని చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కుటుంబం చూపే శ్రద్ధ ఎంత అవసరమైనా, శిక్షణ పొందిన సిబ్బంది చేసే పునరావాస చికిత్సకు అది ప్రత్యామ్నాయం కాగలదని ఈ ఫలితాలను బట్టి చెప్పలేము. రక్తపోటును క్రమం తప్పకుండా పరీక్షించడం, మాత్రలను ఇంటికి దగ్గరలోనే ఉచితంగా అందించడం, జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రులలో వ్యాయామ చికిత్సకులను నియమించడం ఈ వ్యత్యాసాన్ని తగ్గించగల మార్గాలు.