రెండు షీట్ల మధ్య ఊరు

సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో మా ఊరు ఒక కాగితం మీద లేదు, రెండు కాగితాల మీద ఉంది. 17 డిగ్రీల 15 నిమిషాల అక్షాంశ రేఖ దాదాపు చౌటుప్పల్ మీదుగానే పోతుంది. టోపోషీట్లు సరిగ్గా పదిహేను నిమిషాలకొకటి చొప్పున తెగుతాయి. అందుకని ఊరికి ఉత్తరం వైపుదంతా 56కె/15లో, దక్షిణం వైపుదంతా 56కె/16లో పడింది. కొత్త సిరీస్‌లో వీటి పేర్లు ఇ44ఎమ్15, ఇ44ఎమ్16 అని మారాయి గానీ కోత అక్కడే ఉంది. మా ఇంటి నుంచి చెల్క దగ్గరికి నడిస్తే పది నిమిషాలు. పటంలో వెళ్ళాలంటే ఒక ఫైలు మూసి ఇంకోటి తెరవాలి.

ఈ పటాల పిచ్చి నాకు పుస్తకాల వల్ల రాలేదు, బోర్ల వల్ల వచ్చింది. మా నాయిన ఆరేళ్ళలో నాలుగు బోర్లు వేయించాడు. మొదటిది రెండేళ్ళు పోసి ఎండిపోయింది. తర్వాతి రెండూ పడలేదు. నాలుగోదానికి నేను సెలవు పెట్టి వెళ్ళాను. వేపపుల్ల పట్టుకుని ఒకాయన పాయింట్ పెట్టాడు, కొబ్బరికాయ కొట్టారు, బోరు బండి మొదలైంది. ఆరు వందల ఫీట్ల దాకా తెల్లటి బండ దుమ్మే వచ్చింది. రిగ్గు చప్పుడులో నిలబడి నేననుకున్నది ఒక్కటే: ఈ నేల కింద ఏముందో ఇన్నేళ్ళలో ఎవరూ రాసిపెట్టలేదా?

రాసిపెట్టారు. ఒకసారి కాదు, రెండు వందల ఏళ్ళుగా చాలాసార్లు. అయితే ప్రతి పటమూ దాన్ని గీయించినవాడి ప్రశ్నకు జవాబు. మా నాయిన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ సంగతి నాకు అర్థమవడానికి చాలా శనాదివారాలు పట్టాయి.

పాతవాటితో మొదలుపెడదాం. జేమ్స్ రెన్నెల్ హిందుస్థాన్ పటం మొదటిసారి 1782లో వచ్చింది. దాని వేర్వేరు కూర్పులు ఇప్పుడు చాలా డిజిటల్ సేకరణల్లో ఉన్నాయి. డేవిడ్ రమ్సీ అనే అమెరికన్ తన సొంత డబ్బుతో కూడబెట్టిన పటాలను స్కాన్ చేయించి అందరికీ తెరిచిపెట్టి, చివరికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. 2016లో అక్కడ ఆయన పేరుతో ఒక కేంద్రం కూడా వచ్చింది. అలాంటి స్కాన్లలో కాగితం పీచు కనిపించేంత వరకూ జూమ్ చేసుకోవచ్చు. రెన్నెల్ దక్కన్ వైపు తిరిగి చూసినవాడు కాదు. ఇటువైపు సమాచారానికి ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం నడిచిన దారుల లెక్కల మీద చాలావరకు ఆధారపడ్డాడు. కాబట్టి సైన్యం నడిచిన దారి మీది ఊళ్ళు పటంలో ఉంటాయి, దారికి ఎడంగా ఉన్నవి ఉండవు. అది సైన్యం ఎటు పోవచ్చో చెప్పే పటం.

తర్వాత వచ్చినవాడు విలియమ్ లాంబ్టన్. 1802లో మద్రాసు దగ్గర బేస్‌లైన్ కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేను ఇరవై ఏళ్ళ పాటు ఉత్తరానికి లాక్కొచ్చాడు. ఆ పని పేరు 1818లో గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేగా మారింది. ఆ ఏడే హైదరాబాదులో ఆయన జట్టులోకి ఇద్దరు చేరారు. జార్జ్ ఎవరెస్ట్ పేరు అందరికీ తెలుసు, ఒక కొండకు పెట్టారు కాబట్టి. రెండో మనిషి హెన్రీ వెస్లీ వాయ్సీ. సర్జను, దాంతోపాటు సర్వేకు భూగర్భ శాస్త్రవేత్త. ఎవరెస్టుతో కలిసి కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో తిరిగి జ్వరాల పాలయ్యాడు. 1824లో కలకత్తాకు పోతూ దారిలోనే చనిపోయాడు.

వాయ్సీ హైదరాబాదు ప్రాంతానికి రాసిన భూగర్భ నివేదికా, దాంతోపాటు చేసిన పటమూ మన దేశంలో ఈ కోవలో మొట్టమొదటివని భూవిజ్ఞాన చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఇంగ్లండులో విలియమ్ స్మిత్ తన ప్రసిద్ధమైన భూగర్భ పటాన్ని అచ్చేసింది 1815లో. అంటే ఆ విద్య పుట్టిన కొన్నేళ్ళకే మన నల్లరాళ్ళ మీదికి వచ్చేసింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1851లో, ఇదంతా అయిన మూడు దశాబ్దాలకు. ఇది చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. తర్వాత కొంచెం కోపమొచ్చింది. దేశంలోనే ముందుగా భూగర్భ పటం తెచ్చుకున్న ప్రాంతంలో, రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా నీళ్ళ పాయింట్ వేపపుల్లే పెడుతోంది.

వాయ్సీ వెతికింది రాళ్ళ రకాల కోసం, వజ్రాల గనుల కోసం. దక్షిణాది వజ్రాల గనుల మీద ఆయన వ్యాసం కూడా ఉంది. బావుల గురించి పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. నిజాం కాలంలో హైదరాబాద్ జియలాజికల్ సర్వేను నడిపిన లియొనార్డ్ మన్ చేతిలోనే బావులు తవ్వించే శాఖ కూడా ఉండేది. రాయి చూసేవాడూ బాయి తవ్వించేవాడూ ఒకే మనిషి కావడం నాకు బాగా నచ్చిన సంగతి. ఆ ఏర్పాటు అలాగే నిలిచి ఉంటే ఎట్లుండేదో.

ఇక టోపోషీట్లు. 2005 నాటి జాతీయ పటాల విధానం రక్షణ అవసరాలకు ఒక శ్రేణి, మిగతా జనానికి ఇంకో శ్రేణి అని పటాలను రెండుగా విడదీసింది. 2017లో రెండో శ్రేణిని ఆధార్ నంబరుతో ఉచితంగా దించుకునే వీలు వచ్చింది. అంతకు ముందు ఇంట్లో కూర్చుని నేను చూడగలిగిన పటం మాత్రం అమెరికాలో ఉండేది. 1950లలో అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీస్ భారత్ పాకిస్తాన్‌లకు రెండున్నర లక్షల స్కేలులో యు502 అనే సిరీస్ అచ్చేసింది. టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ షీట్లను ఆన్‌లైన్‌లో పెట్టింది. మన ఊరి చెరువును మొదటిసారి కాగితం మీద చూడాలంటే ఆస్టిన్‌లోని సర్వరును అడగాల్సి వచ్చింది.

సర్వే ఆఫ్ ఇండియా షీట్ చదవడం ఒక అలవాటు. గోధుమరంగు గీతలు ఎత్తులు, పసుపు సాగు భూమి, ఆకుపచ్చ అడవి, నీలం నీళ్ళు. బావికి చిన్న నీలం సున్నా. చెరువు కట్ట పక్కన ఒక అంకె, దాని పక్కన ‘ఆర్’ అనే అక్షరం ఉంటే అది చుట్టూ ఉన్న నేల నుంచి కట్ట ఎత్తు. ఇంత శ్రద్ధగా చెరువులూ బావులూ గుర్తించారు. దండు దిగాలన్నా, కలెక్టరు గుడారం వేయాలన్నా నీళ్ళు కావాలి మరి. అయితే అది నేల మీద కనబడే నీరు. ఆ సున్నా లోతు ఎంతో షీట్ చెప్పదు.

నేను రెండు షీట్లనూ కంప్యూటర్లో అతికించాను. పాత షీట్లు 1830 నాటి ఎవరెస్ట్ గోళం లెక్క మీద ఉంటాయి, మన ఫోన్లలోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 లెక్క మీద నడుస్తుంది. మార్పిడి చేయకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన దగ్గర వంద మీటర్లకు పైనే జరుగుతుంది. మొదటిసారి నేను అదే తప్పు చేశాను. మా బాయి పోయి పక్కవాళ్ళ పొలంలో పడింది. స్క్రీన్ చూపిస్తే మా నాయిన నవ్వి, “దీనికే గెట్టు పంచాయితీలయితయ్ రా” అన్నాడు.

భూగర్భ పటం చూపించినప్పుడు మాత్రం నవ్వలేదు. మా వైపు ఆ పటంలో చాలా మటుకు ఒకే గులాబీ రంగు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. అక్కడక్కడ డోలరైట్ డైకుల సన్నటి గీతలు, అంటే గ్రానైటును చీల్చుకొచ్చిన నల్లరాతి గోడలు. “మొత్తం ఒక్కటే రంగున్నదేందిరా? గిండ్ల మన చెల్క ఏది?” అన్నాడు. లెక్కేశాను. రెండున్నర లక్షల స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే 250 మీటర్లు. మా నాలుగెకరాలు అర మిల్లీమీటరు చదరం. పెన్సిలు మొన పెడితే కనబడదు. ఆ పటం గీసింది ఎక్కడ ఏ ఖనిజం దొరకొచ్చో చూడటానికి. ఆ పనికి అది మంచి పటమే.

ఇంతకంటే దగ్గరి స్కేలులో ఉన్న పటం ఒకటి మా నోళ్ళలోనే ఉంది. చెల్క, దుబ్బ, రేగడి, చౌడు, మొరం. ఊరి పేరులోనే చౌడూ ఉప్పూ వినిపిస్తాయి. పేరు ఎట్లా వచ్చిందో తేల్చడం నా పని కాదు గానీ, ఆ రెండు మాటలు రసాయనశాస్త్రానికి చాలా దగ్గర. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచి, క్షార గుణం పెరిగి, కాల్షియం తగ్గితే ఆ ఫ్లోరిన్ ఫ్లోరైడుగా నీళ్ళలోకి దిగుతుంది. చౌడు తేలిన నేల అంటే అలాంటి నీటికి ఒక గుర్తు.

ఫ్లోరోసిస్ మన దేశంలో వెలుగులోకి వచ్చింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లో వచ్చింది. ఇప్పుడు ఆ పాత సంచికలు స్కానై ఎవరికైనా దొరుకుతాయి. 1970లలో నాగపూర్ సంస్థ నీరీ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతిని తయారుచేసి దానికి అప్పటి మా జిల్లా పేరే పెట్టింది: నల్గొండ టెక్నిక్. మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది 2015 జూన్ 8న. 1955 నుంచి 2015 దాకా అరవై ఏళ్ళు. ఈ మధ్యలో మునుగోడు, మర్రిగూడ, నారాయణపురం వైపు వంగిపోయిన కాళ్ళతో పెరిగినవాళ్ళకు, లండన్‌లో అచ్చయిన ఆ కాగితం ఉందని కూడా తెలియదు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది మాత్రం పాతది కాదు, దూరందీ కాదు. ఎన్‌జీఆర్‌ఐకి చౌటుప్పల్ దగ్గర పెద్ద ప్రాంగణం ఉంది. అక్కడ భూ అయస్కాంత పరిశీలనతో పాటు, భూగర్భ జలాల కోసం ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి నడిపే ప్రయోగ క్షేత్రం ఉంది. చాలా బోర్లు వేసి, గ్రానైటులో నీరు ఎట్లా కదులుతుందో కొలుస్తున్నారు. వాళ్ళు ఇక్కడా, మహేశ్వరం దగ్గరా చేసిన పని సారాంశం ఇది. పైన మెత్తబడిన మొరం పొర, దాని కింద పగుళ్ళ పొర. పగుళ్ళు పైభాగంలో ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తక్కువ. ముప్పై నలభై మీటర్లు దాటాక నీళ్ళు పారే పగులు దొరికే అవకాశం బాగా పడిపోతుంది. నీటిమట్టం పైన ఉన్నప్పుడు నేల కింద నీరంతా ఒకదానితో ఒకటి కలిసి ఉంటుంది. మట్టం పడిపోయాక అది గుంటలు గుంటలుగా విడిపోతుంది.

అంటే నీళ్ళున్న రోజుల్లో కింద ఊరంతటికీ ఒకటే చెరువు, నీళ్ళు పోయాక ఎవరి బోరు వారిదే. మేం ఆరు వందల ఫీట్లు పోయింది, అంటే దాదాపు 180 మీటర్లు, లేనిచోట వెతకడానికి. ఆ వ్యాసాలు నేను చదివింది నాలుగో బోరు తర్వాత. ఇంగ్లీషులో, సమీకరణాలతో, తోటి శాస్త్రవేత్తల కోసం రాసినవి. కొలతలు ఒక ఫ్రెంచి డేటాబేసులో ఉన్నాయి. ఎవరూ దాచలేదు, అన్నీ బయటే ఉన్నాయి. కానీ ఆ డేటాబేసుకూ బోరు బండికీ మధ్య దారి వేసినవాళ్ళు లేరు.

డిజిటల్ లైబ్రరీ అంటే మా తరానికి పెద్ద నమ్మకం. స్కాన్ చేస్తే చాలు, మిగతాది అదే జరుగుతుందని. పాత పుస్తకాల స్కాన్లలో మడతపెట్టిన పటం వచ్చినచోట ఏమవుతుందో గమనించండి. చాలాసార్లు మడత విప్పకుండానే స్కాన్ చేసి పేజీ తిప్పేసి ఉంటారు. పటం వెనక భాగమో, మూలలో స్కేలు పట్టీ ముక్కో కనబడుతుంది. ఫైలు ఉంది, పటం లేదు. ఇంత దూరం వచ్చిన తర్వాత నాకు ఆ మడతే అసలు సమస్యగా కనిపిస్తోంది. కాగితం మీదిదే కాదు, భాషదీ, స్కేలుదీ. విప్పడానికి మనిషి కావాలి.

అందుకని మొన్న దసరాకు ఊరెళ్ళినప్పుడు ఒక పని మొదలుపెట్టాను. అతికించిన షీట్ల మీద మా గెట్ల చుట్టూ ఉన్న బోర్లు గుర్తించుకుంటూ పోయాం. ఎక్కడ, ఎప్పుడు వేశారు, ఎన్ని ఫీట్లకు కేసింగ్ ఆగింది, ఎన్ని ఫీట్లకు బండ తగిలింది, గ్యాప్ ఎక్కడ పడింది, నీళ్ళు ఎన్నేళ్ళు పోసింది. మా నాయినకు తనవే కాదు, చుట్టుపక్కల వాళ్ళవి కూడా ఫీట్లతో సహా గుర్తున్నాయి. ఒక్క సాయంత్రంలో పదకొండు బోర్లు ఎక్కాయి. వాటిలో నీళ్ళు పడ్డవి నాలుగు, ఆ నాలుగింటికీ గ్యాప్ నూట యాభై ఫీట్ల లోపే.

పదకొండుతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఆ ఫైలు ఫోన్లో చూస్తూ మా నాయిన మాత్రం, “యాదగిరి మామవి మూడున్నయ్, అవి రాయలే నువ్వు. పొద్దున పోయి అడుగుదాం పా” అన్నాడు. యాదగిరి మామ పొలం రోడ్డుకు అవతల, 56కె/16లో ఉంది.