కొండవాలు మీద మిగిలిన ద్రాక్ష: కాండ్రియూ కథ

ఈవేళ చెప్పబోయేది ఒక తెల్ల వైన్ చరిత్ర. తాగమనీ చెప్పను, మానమనీ చెప్పను. నాకు ఆసక్తి కలిగించింది దాని వెనకున్న కొండ, ఆ కొండని వదలని మనుషులు.

ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి దక్షిణంగా, రోన్ నది ఒడ్డున కాండ్రియూ అనే చిన్న ఊరుంది. ఊరి వెనకే నిటారుగా కొండలు. వాలు దక్షిణం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి పొద్దస్తమానం ఎండ పడుతుంది, రాయి వేడెక్కుతుంది. ఆ వేడికి వియోన్యే అనే ద్రాక్ష బాగా పండి, నేరేడు పళ్ళలా కాదండీ, ఆప్రికాట్ పళ్ళలా ఘుమఘుమలాడుతుంది. వైన్ చిక్కగా ఉంటుంది, పులుపు తక్కువ. పక్కనే షాతో గ్రియే అని ఒకే ఒక తోట ఉంది. మొత్తం మూడున్నర హెక్టార్లే! అయినా 1936లో దానికి విడిగా ఒక ప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. కాండ్రియూకి 1940లో వచ్చింది.

ఈ ద్రాక్షని మూడో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి ప్రోబస్ తెప్పించాడని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ డీఎన్ఏ పరీక్షలు చేస్తే దీని చుట్టాలు ఆల్ప్స్ పర్వతాలకి ఇటూ అటూనే తేలాయి. చక్రవర్తి తేవాల్సిన పని లేదన్నమాట.

సరే, ఎలా వచ్చిందన్నది పక్కన పెడదాం. ఎలా మిగిలింది? నా ప్రశ్న అదీ.

ఆ వాలు మీద యంత్రాలు నడవవు. రాళ్ళు పేర్చి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేశారు. గట్టి వాన పడితే మట్టి కిందికి జారిపోతుంది. దాన్ని మళ్ళీ ఎత్తుకుని పైకి మోయాలి. పోనీ పంటైనా నమ్మకమా అంటే, ఒక ఏడు కాస్తుంది, ఒక ఏడు కాయదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు వేర్లని తినేసింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం కుర్రవాళ్ళని తీసుకుపోయింది. మిగిలినవాళ్ళని లియోన్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు పిలిచాయి. నెల తిరిగేసరికి జీతం వస్తుంటే కొండెక్కి మట్టి మోసేదెవరు? వాళ్ళని నేను తప్పు పట్టను.

1960ల చివరికి వియోన్యే సుమారు 14 హెక్టార్లే మిగిలిందంటారు. అంటే దాదాపు 35 ఎకరాలు. మన పల్లెల్లో ఒక మోతుబరి పొలమంత!

అలాంటి కాలంలో కొండని పట్టుకుని ఉన్న కొద్దిమందిలో జార్జ్ వెర్నే ఒకరు. 1953లో తండ్రి నుంచి తోట అందుకున్నారు. కోతో ద వెర్నోన్ అనే వాలు మీద పండిన ద్రాక్షతోనే విడిగా ఒక వైన్ చేశారు. కూలిన మడులు మళ్ళీ కట్టించారు, తోటి రైతుల సంఘాన్ని ఏళ్ళ తరబడి నడిపారు. 1990లలో తోట ఆయన కూతురు క్రిస్టీన్ చేతికి వచ్చింది. ఆయన 2017లో పోయారు.

ఇప్పుడు కాండ్రియూలోనే దాదాపు 200 హెక్టార్లుంది. కాలిఫోర్నియాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది, మన కర్ణాటకలో నంది కొండల దగ్గరా పండిస్తున్నారు.

చరిత్రకి చక్రవర్తుల పేర్లంటే ఇష్టం. ప్రోబస్ పేరు నిలిచింది, బుట్టలో మట్టి మోసినవాళ్ళ పేర్లు చాలావరకు నిలవలేదు. కానీ ఆ బుట్ట ఒక్క తరం దింపేసి ఉంటే ఈ ద్రాక్ష గురించి చెప్పుకోడానికి కథ తప్ప ఏమీ మిగిలేది కాదు. నాకు తెలిసి ఏ పంటకైనా ఇదే లెక్క.

మీ ఊళ్ళో అలా మాయమైపోతున్న పంట ఏదైనా ఉంటే, దాన్ని ఇంకా వేస్తున్న పెద్దాయన్ని ఒకసారి పలకరించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.