మా భూమి (చలనచిత్రం)

‘మా భూమి’ తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని కథగా తీసుకుని గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారై, 1980లో జనం ముందుకు వచ్చిన తెలుగు చిత్రం. చైతన్య చిత్ర పేరు మీద బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించారు. నైజాం రాజ్యంలోని ఒక ఊళ్లో పేదింట పుట్టిన పిల్లగాడు దొరను, దొర వెనకున్న సర్కారును ఎదిరించి తుపాకి పట్టేదాకా సాగే కథ ఇది. తెలుగులో రాజకీయ చిత్రం అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. ఇదే పేరుతో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాయగా 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన నాటకం ఒకటుంది. ఆ నాటకమే సినిమాగా వచ్చిందని అనుకునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. పేరు, పోరాటం ఒకటే గాని కథలు వేరు.

కథ నడిచిన కాలానికి హైదరాబాద్ రాజ్యం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో ఉంది. 1911లో గద్దెనెక్కిన ఆయన మాటే శాసనం. ప్రజలకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వమనేది లేదు. రాజ్యంలోని భూమిలో సుమారు 60 శాతం నేరుగా సర్కారుకు శిస్తు కట్టే దివానీ, 30 శాతం జాగీర్లు, మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చులకు పోయే సర్ఫెఖాస్. ఊళ్లో మాత్రం జనానికి కనిపించే సర్కారు గడీలోని దొర, అతని పక్కన పటేలు, పట్వారీ. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, దొర మేనాను బోయీలు మోయాలి. కూలి అడిగే ప్రశ్నే లేదు. ఈ చాకిరీకి వెట్టి అని పేరు. కరువులో తెచ్చుకున్న గింజలకు నాగువడ్డీ పెరిగి, చివరికి చెలక చేతులు మారేది.

ఈ వెట్టికి ఎదురు నిలిచిన ఆంధ్రమహాసభను పల్లెల్లో జనం ‘సంగం’ అనేవారు. సభ్యత్వపు చీటీ ఇచ్చేది కాబట్టి చిట్టి సంగమని, చేతికర్రలతో కాపలా కాసింది కాబట్టి గుత్పల సంగమని కూడా పిలుచుకున్నారు. 1946 జులై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక గొడవ ఊరి పొలిమేర దాటింది. నిజాంకు కొమ్ముకాస్తూ కాసిం రజ్వీ నడిపిన రజాకార్లు పల్లెల మీద పడ్డ తర్వాత గుత్పల స్థానంలోకి తుపాకులు వచ్చాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం రాజ్యంలో అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. సంగాన్ని నడిపిన కమ్యూనిస్టుల పోరాటం అక్కడితో ఆగలేదు. 1951 అక్టోబరులో విరమించేదాకా కొత్త ప్రభుత్వంతోనూ సాగింది. పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు, 4,000 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పోరాటానికి గుండెకాయ నల్లగొండ, వరంగల్ జిల్లాలు. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల తీరు కొంత వేరు. ఇక్కడ జాగీర్లతోపాటు గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు వంటి సంస్థానాలుండేవి. నిజాంకు కప్పం కట్టే రాజులే జనం నుంచి శిస్తు వసూలు చేసుకునేవారు. గోలకొండ పత్రిక నడిపి నిజాం పాలన లోపాలను అచ్చులో పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల సీమే. ఆత్మకూరు సంస్థానంలోని అప్పంపల్లిలో 1947 అక్టోబరు 7న జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. సైనిక చర్య తర్వాత మైదానాల్లో నిలవలేని దళాలు ఒకవైపు గోదావరి అడవులకు, మరోవైపు కృష్ణానది పొడవునా ఉన్న నల్లమలకు తరలాయి. అచ్చంపేట దాటి అమ్రాబాద్ గుట్టలెక్కితే మొదలయ్యే చెంచుపెంటల అడవి అది. ‘మా భూమి’ కథ మైదానపు ఊరిది, నల్లమల దాకా రాదు. ఈ జిల్లాలున్న పాలమూరు వైపు నుంచి చూసేవారికి ఆ సగం ఖాళీగానే కనిపిస్తుంది.

చిత్రానికి ఆధారం ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’. తెల్లవారితే ఉరికంబమెక్కాల్సిన రాఘవరావు అనే యువకుడు జైలుగదిలో తన బతుకును నెమరువేసుకోవడం నవల పద్ధతి. సినిమాలో అతడు రామయ్య అయ్యాడు, కథ చిన్నతనం నుంచి వరుసగా నడిచింది. ఈ మార్పు మేలే చేసింది. నవలలో ఒక్క మనిషి జ్ఞాపకంగా ఉన్నది తెరమీద ఊరి చరిత్ర అయింది.

నర్సింగరావు ప్రజ్ఞాపూర్ దొరల కుటుంబంలో పుట్టినవాడు. గడీ లోపలి సంగతులు వినికిడితో తెలుసుకున్నవి కావు. ఆర్ట్ లవర్స్ సంఘం, దాన్నుంచి ఎదిగిన జననాట్యమండలి ఆయన తిరిగిన చోట్లు. దర్శకుడు బెంగాలీ, వయసు ముప్పైలోపు, తెలుగు రాదు. అప్పటికి డాక్యుమెంటరీలు తీసిన చేయి, కథాచిత్రం ఇదే మొదలు. తెలంగాణ పల్లెను తెరకెక్కించే పని అప్పటికే బయటివారి చేతుల్లో మొదలైంది: శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’, ‘నిశాంత్’ హిందీలో, మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ తెలుగులో వచ్చాయి. మద్రాసు స్టూడియోల తెలుగు సినిమాకు ఈ పల్లె పట్టలేదు. ‘మా భూమి’లో కెమెరా వెనక మనిషి బయటివాడైనా, ముందున్న మాట, పాట, మనుషులు ఇక్కడివే కావడం తేడా. మెదక్ జిల్లా మంగళపర్తిలో చిత్రీకరణ జరిగింది, ఊరివాళ్లే చాలాచోట్ల తెరమీద కనిపిస్తారు. ఛాయాగ్రహణం కమల్ నాయక్, సంగీతం వింజమూరి సీతాదేవి, నాగభూషణం.

రామయ్యగా నటించిన సాయిచంద్‌కు ఇదే తొలి చిత్రం. అతడు రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. కృష్ణా జిల్లా సాహిత్య కుటుంబం నుంచి వచ్చి కథలోని ఊరు సిరిపురం రైతుబిడ్డగా ఒదిగిపోయాడు. కాకరాల, భూపాల్‌రెడ్డి, యాదగిరి, హంస వంటివారు ఇతర పాత్రల్లో ఉన్నారు. తర్వాత తెలంగాణ శకుంతలగా పేరుపడిన నటి కూడా ఈ చిత్రంతోనే తెరకు వచ్చింది.

రామయ్య లంబాడీ పిల్ల చంద్రిని ఇష్టపడతాడు. దొర ఆమె మీద కన్నేశాక, అడ్డుపడలేని అవమానంతో ఊరు విడిచి హైదరాబాద్ చేరతాడు. రిక్షా తొక్కి, కర్మాగారంలో కుదురుకుని, అక్కడ మక్బూల్ అనే కార్మిక నాయకుడి దగ్గర అక్షరాలు, రాజకీయం రెండూ నేర్చుకుంటాడు. తిరిగొచ్చి సంగం కడతాడు. జనం గడీ మీదికి వెళతారు, దొర పట్నం పారిపోతాడు, భూములు పంచుతారు. మామూలు సినిమా ఇక్కడ శుభం కార్డు వేసేది. ‘మా భూమి’లో మాత్రం సైన్యం వచ్చిన వెనకే పారిపోయిన దొర ఖద్దరు బట్టల్లో తిరిగొచ్చి పంచిన భూమి తనదంటాడు. రామయ్య ప్రాణం పోతుంది, పోరు మిగులుతుంది. నిజాం పోవడాన్ని ముగింపుగా కాక మలుపుగా చూపడమే ఈ చిత్రపు రాజకీయం. పొగడ్తా, అభ్యంతరమూ రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి.

జనం నోట నిలిచింది మాత్రం గాయకుడు గద్దర్ పాట. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చుట్టూ ఊరి జనం. ‘బండెనక బండి’ పాటను గద్దర్ తానే తెరమీద కనిపించి పాడాడు. పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. పసులగాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట కూడా ఇందులో ఉంది. కెమెరా ఎక్కువ కదలదు, గొంతునే నమ్ముకుంటుంది. మూడు దశాబ్దాల కిందటి పోరుపాటలు కొత్త తరానికి చేరింది చాలావరకు ఈ సినిమా వల్లే. తర్వాతి తెలంగాణ ఉద్యమ సభల్లోనూ ‘బండెనక బండి’ మోగింది.

భాష మరో సంగతి. అప్పటిదాకా తెలంగాణ మాట తెలుగు తెరమీద వస్తే పనివాడికో, నవ్వించేవాడికో, రౌడీకో దక్కేది. ఇక్కడ కథానాయకుడు ప్రేమించినా, కోపగించినా ఆ మాటే. “బాంచన్ దొరా” అని వంగినవాళ్లే చివరికి తలెత్తి నిలదీయడం వేరే యాసలో అతికేది కాదు. ప్రపంచ సినిమాలో దీనికి దగ్గరి చుట్టం పాంటెకోర్వో ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ (1966): నలుపు తెలుపు, కొత్త ముఖాలు, వార్తాచిత్రం వంటి చూపు. కోస్టా గావ్రాస్ ‘జెడ్’ (1969) లాంటి ఉత్కంఠ దీనిలో వెతికితే దొరకదు. కొన్ని పట్నం సన్నివేశాలు సాగినట్లుంటాయి, మక్బూల్ మాటల్లో ఉపన్యాసపు వాసన వస్తుంది.

చిత్రం కార్లోవీ వేరీ, కైరో, సిడ్నీ చిత్రోత్సవాల్లో ప్రదర్శితమైంది. 2013లో సీఎన్‌ఎన్-ఐబీఎన్ ప్రకటించిన వంద గొప్ప భారతీయ చిత్రాల జాబితాలో చోటు దక్కింది. ఘోష్ ఆ తర్వాత ‘దఖల్’, ‘పార్’ తీశాడు. నర్సింగరావు దర్శకుడై ‘రంగుల కల’, ‘దాసి’, ‘మట్టి మనుషులు’ తీశారు. ‘దాసి’లో కెమెరా మళ్లీ గడీలోకి వెళ్లింది, ఈసారి గడీలో దాసిగా బతికే ఆడబాప కళ్లతో. నిజాం కాలం మీద తర్వాత ఆర్. నారాయణమూర్తి ‘వీర తెలంగాణ’ (2010), ‘రజాకార్’ (2024) వంటివి వచ్చాయి. వీటిలో ‘రజాకార్’ కథ 1948 సెప్టెంబరు దగ్గరే ఆగిపోతుంది.