మూర్ఛకూ నిద్రకూ ఉన్న ముడి



నిజాం కాలంలో సుబేదారుగారి మకాం వల్ల పేరొచ్చిన పేట మా సుబేదారి. ఇక్కడ పెళ్లి కుదిరిందంటే ముందు అడిగే మాట, ముహూర్తం ఎన్నింటికి అని. అర్ధరాత్రి దాటాక అంటే "అమ్మో, నిద్ర కాయాలి" అని నవ్వుకుంటాం. ఫిట్స్ వచ్చే పిల్ల ఉన్న తల్లికి మాత్రం అది నవ్వులాట కాదండీ. ఒక్క రాత్రి నిద్ర చెడితే మర్నాడు మూర్ఛ వచ్చే పిల్లలున్నారు. శివరాత్రికి వేయి స్తంభాల గుడిలో జాగారం చేయాలని ఆమెకు మాత్రం ఉండదా? అయినా పెందలాడే ఇంటికి బయల్దేరుతుంది. ఎందుకమ్మా అంటే, తలనొప్పి అంటుంది. నిజం చెబితే రేపు పిల్లకు పెళ్లవుతుందా అని భయం. ఆ భయానికి చాలా పాత చరిత్ర ఉంది.

మన పెద్దలు దీన్ని కాకిసొమ్మ అన్నారు. ఆయుర్వేదం అపస్మారమంది. చరకసంహిత దీన్ని రోగంగానే ఎంచి చికిత్స చెప్పింది. గ్రీకు దేశంలో హిపోక్రటీసు పేరిట వెలసిన గ్రంథం కూడా, ఇది దేవతల ఆగ్రహం కాదు, మెదడులో పుట్టే జబ్బేనని సుమారు 2400 ఏళ్ల కిందటే వాదించింది. అయినా జనం గాలీ ధూళీ అంటూ భూతవైద్యుల గడప తొక్కుతూనే వచ్చారు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఇప్పటికీ చూస్తున్నాం. దానివల్ల ఫిట్స్ ఆగవు. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి, నోట్లో ఏమీ కుక్కకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలు.

1857లో లండనులో లోకాక్ అనే వైద్యుడు బ్రోమైడు పనిచేస్తోందన్నాడు. ఫిట్స్ తగ్గేవి గాని, మనిషి మత్తుగా పడుండేవాడు. అసలు మలుపు 1912లో, జర్మనీలో వచ్చింది. హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు మూర్ఛరోగుల వార్డు పైన ఉండేవాడు. రాత్రిళ్లు రోగులు ఫిట్స్ వచ్చి మంచాల మీంచి పడుతుంటే ఆయనకూ కునుకు పట్టేది కాదు. సరేనని, కొత్తగా వచ్చిన నిద్రమందు ఫినోబార్బిటాల్ వాళ్లకిచ్చి చూశాడు. రోగులు నిద్రపోవడమే కాదు, ఫిట్సే తగ్గుముఖం పట్టాయి! చూశారా, నిద్ర కోసం వెదికితే మూర్ఛకు మందు దొరికింది. ఆ మందు నేటికీ వాడుకలో ఉంది.

1929లో జర్మనీలోనే బెర్గర్ అనే ఆయన మనిషి మెదడులోని విద్యుత్తును గీతలుగా గీసి లోకానికి చూపాడు. అదే మన ఈఈజీ. పగలు మెలకువలో కనిపించని తేడా కొందరికి నిద్రలో బయటపడుతుంది. అందుకే పరీక్షకు ముందు రాత్రి తక్కువ నిద్రపొమ్మని డాక్టర్లు ఒక్కోసారి చెబుతారు.

రాత్రి ఫిట్స్ వస్తే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి. కొన్ని మందులూ మగత తెస్తాయి. బడిలో కునికే పిల్లను మనం బద్ధకమని తిడతాం. తిట్టకుండా ఆ సంగతి డాక్టరుతో చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇక పెళ్లి మాట. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, మాటిమాటికీ మూర్ఛ రావడాన్ని పెళ్లికి అడ్డుగా చేర్చారు. 1999లో ఆ మాట తీసేశారు. మా అదాలత్ కూడలి కోర్టులో ఏనాడో పోయిన ఆ అడ్డు, మన ఇళ్లల్లో ఇంకా ఉంది.

ఈసారి పెళ్లిపందిట్లోంచి ఏ తల్లయినా బిడ్డతో పెందలాడే లేస్తే కారణం అడగకండి. ముందే భోజనం పెట్టి పంపండి. అక్షింతలు పొద్దున వేసినా దీవెనే.