కాశీ సందులలో తెలుగు యాత్రికులు

రైలుబండి లేని దినములలో కాశీయాత్ర ఒంటరిగా సాగెడు పని కాదు. త్రోవలో దొంగల భయము, నదుల వరదలు, జ్వరములు. అందుచే మన పూర్వులు జట్టుగా కదలెడివారు. మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన ఇట్లే బయలుదేరిరి. కుటుంబీకులు, పరిజనులు, బోయీలు కలిసి సుమారు నూరుగురు. 1831 సెప్టెంబరు 3వ తేదీకి గాని వారు మరల ఇల్లు చేరలేదు. త్రోవ పొడుగునను చూచినదెల్ల కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపగా, ఆ మిత్రుడు దానిని 1838లో అచ్చు వేయించెను. అప్పటికే వీరాస్వామయ్యగారు గతించిరి.

ఇంతటి పరివారము కాశీ పట్టణమున ప్రవేశించుట ఎట్టిదో ఊహింపుడు. ఎదురైన ఇద్దరు ఒదిగి నడువవలసిన సందులు. ఇరుప్రక్కల ఆకాశమును మూయు రాతి మిద్దెలు. నడుమ ఆబోతులు, పల్లకీలు, పూలబుట్టలు, మణికర్ణికకు సాగు శవములు. 1780లో అహల్యాబాయి కట్టించిన విశ్వేశ్వరాలయ శిఖరమునకు రంజిత్ సింగు బంగారు రేకులు ఇంకను ఎక్కలేదు. పంచగంగా ఘట్టమున మసీదు మినారులు, మానమందిరమున జయసింహుని జ్యోతిష యంత్రములు అప్పుడును చూడదగినవే.

ఆ సమ్మర్దము లెక్కలు వ్రాయువారిని సైతము భ్రమపెట్టినది. 1800 ప్రాంతమున ఊరి జనము ఐదున్నర లక్షలకు పైబడియున్నదని అంచనా వేసిరి. అచటి టంకసాలలో వన్నె చూచు అధికారియైన జేమ్స్ ప్రిన్సెప్ 1828-29లలో ఇంటింటి లెక్క తీయించగా సుమారు 1,80,000 మాత్రమే తేలెను. 1837లో అశోకుని బ్రాహ్మీలిపిని చదివినవాడును ఈతడే. 1822లోనే ఆతడు ఊరి పటమును సిద్ధపరచెను.

చూపునకు గందరగోళముగా నున్న ఆ పట్టణమునకు తనదైన కట్టుబాటు కలదు. ఏ సీమవారు ఏ పండా ఇంట దిగవలెనో ముందే నిర్ణయము. పండాల పద్దుపుస్తకములలో యాత్రికుల ఊరు, వంశము, తాత తండ్రుల పేర్లు వ్రాయబడెడివి. ఘట్టములలో స్నానమునకు, పంచక్రోశ ప్రదక్షిణమునకు వరుస కలదు. భాష తెలియని దక్షిణాది గృహిణి ఆ జనసముద్రములో తప్పిపోక బస చేరినదన్న, అది తోడివారి చేయూత వలనను, ఈ ఏర్పాటు వలనను.

విశ్వనాథధామ నిర్మాణమునకై ఆలయము చుట్టునున్న ఇండ్లు, సందులు అనేకము తొలగింపబడినవి; 2021 డిసెంబరులో ఆ విశాల ప్రాంగణము తెరువబడినది. వృద్ధులకు నడక సుఖమైనది; పాత త్రోవ మాత్రము ప్రిన్సెప్ పటములోను, యాత్రికుల వ్రాతలలోను వెదకికొనవలసినదే. మీ ఇండ్లలో పెద్దలు కాశి నుండి వ్రాసిన కార్డుముక్క యున్నను పారవేయకుడు. అందొక సందు పేరో, సత్రము పేరో యుండవచ్చును.