యునిక్సు సర్వరు నిర్వహణ ఆదేశాలు

యునిక్సు సర్వరు నిర్వహణ ఆదేశాలు అంటే యునిక్సు గానీ, దానిని పోలిన ఆపరేటింగు సిస్టం గానీ నడిచే సర్వరును గమనించడానికి, నడపడానికి, చక్కదిద్దడానికి నిర్వాహకుడు కీబోర్డు నుండి ఇచ్చే ఆదేశాలు. వీటిని షెల్ అనే ప్రోగ్రాము చదివి అమలు చేస్తుంది. సోలారిస్, ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్, ఫ్రీబీఎస్‌డీ, లైనక్స్ వ్యవస్థలలో ముఖ్యమైన ఆదేశాల పేర్లు చాలావరకు ఒకటే. అయితే ఒకే పేరుకు అన్నిచోట్లా ఒకే అర్థం ఉంటుందని చెప్పలేము.

ఈ ఆదేశాలను ఆంగ్ల చిన్నబడి అక్షరాలలో టైపు చేయాలి. యునిక్సు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేర్వేరుగా చూస్తుంది. ఈ వ్యాసంలో ఆదేశాలు పలికే తీరులో తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. ఉదాహరణలకు నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న రుద్రవరం మండలం పేరుతో ఒక ఫైలు, అందులో గ్రామాల జాబితా ఉన్నట్లుగా అనుకోవాలి.

చరిత్ర

యునిక్సును 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి సహచరులు మొదలుపెట్టారు. 1971 నవంబరులో వెలువడిన మొదటి కరదీపికలోనే ఎల్ఎస్, ఆర్ఎం, డీఎఫ్, డీయూ, సిహెచ్‌మోడ్, ఎస్‌యూ, మౌంట్ వంటి ఆదేశాలు ఉన్నాయి. ఆనాటి టెలిటైపు యంత్రాలు సెకనుకు సుమారు 10 అక్షరాలు మాత్రమే ముద్రించేవి. పేర్లు రెండు మూడు అక్షరాలకు కుదించుకుపోవడానికి, పని సవ్యంగా జరిగితే ఆదేశం ఏమీ పలకకుండా ఊరుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అర్ధశతాబ్దం గడిచినా ఆ పొదుపు అలాగే నిలిచింది. దానితోపాటు ఒక చిక్కు కూడా నిలిచింది. వాక్యనిర్మాణం సరిగా ఉంటే చాలు, తప్పుడు ఆదేశాన్ని కూడా యునిక్సు మారు మాట్లాడకుండా నెరవేరుస్తుంది.

నిర్వహణ పనిలో ఆదేశాలను రెండు తెగలుగా చూడడం ఉపయోగకరం. కొన్ని స్థితిని చూపుతాయి, కొన్ని స్థితిని మారుస్తాయి. మార్చే ప్రతి ఆదేశానికీ ముందు ఇవ్వదగిన, చూపే ఆదేశం ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

రూట్ వాడుకరి

యునిక్సులో సర్వాధికారాలు గల ఖాతా పేరు రూట్. దీని వాడుకరి సంఖ్య 0. ఎస్‌యూ ఆదేశంతో రూట్‌గా మారవచ్చు. సుడో ఆదేశం ఒక్క పనికి మాత్రమే ఆ అధికారం ఇస్తుంది, ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో చిట్టాలో నమోదు చేస్తుంది. పలువురు నిర్వాహకులున్న చోట సుడోయే మేలు. ‘హూ ఆమ్ ఐ’ అనే ఆంగ్ల ప్రశ్నను కలిపి రాసినట్లుండే ఆదేశం ప్రస్తుతం ఏ వాడుకరిగా ఉన్నామో చెబుతుంది. హోస్ట్‌నేమ్ ఆదేశం ఏ యంత్రంపై ఉన్నామో చెబుతుంది. ఇవి పనికిరాని ప్రశ్నలుగా తోచవచ్చు గానీ, ఒకే తెరపై నాలుగు సర్వర్ల కిటికీలు తెరిచి ఉన్నప్పుడు వీటి విలువ తెలుస్తుంది.

అనుమతులను సిహెచ్‌మోడ్ మారుస్తుంది. చదవడానికి 4, రాయడానికి 2, అమలు చేయడానికి 1 చొప్పున కూడి యజమానికి, సమూహానికి, ఇతరులకు మూడు అంకెలు ఇస్తారు. 644 అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు; మిగిలినవారు చదవడం వరకే. ఏదైనా పని చేయనప్పుడు 777 ఇచ్చి చూడడం కొత్తవారిలో కనిపించే అలవాటు. దానితో ఆ యంత్రంలోని ప్రతి వాడుకరికీ, ప్రతి ప్రోగ్రాముకూ ఆ ఫైలును మార్చే హక్కు దక్కుతుంది. సిహెచ్‌ఓన్ ఆదేశంతో యజమానిని సరిచేస్తే చాలు అయ్యే పనికి తలుపులన్నీ తెరవడం ఇది.

తొలగింపు

ఆర్ఎం ఆదేశం ఫైలును తీసివేస్తుంది. దీనికి చెత్తబుట్ట లేదు. ‘ఐ’ ఆప్షను ఇస్తే ప్రతి ఫైలుకూ అనుమతి అడుగుతుంది, ‘ఆర్’ ఇస్తే డైరెక్టరీతో పాటు లోపలివన్నీ పోతాయి, ‘ఎఫ్’ ఇస్తే ఏమీ అడగదు. నక్షత్రం గుర్తును విప్పి ఫైళ్ల పేర్లుగా మార్చేది షెల్, ఆర్ఎం కాదు. కనుక అదే గుర్తును ముందుగా ఎల్ఎస్ ఆదేశానికి ఇస్తే ఏవేవి పోబోతున్నాయో కనిపిస్తుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన ప్రమాదం ఈ విషయంలో తరచు ఉదహరించబడుతుంది. రెండవ డేటాబేసు సర్వరులోని డైరెక్టరీని ఖాళీ చేయబోయి, ఒక ఇంజనీరు మొదటి సర్వరుపై తొలగింపు ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. రోజువారీ బ్యాకప్పు వెర్షను తేడా వలన విఫలమవుతోందని అప్పుడే బయటపడింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఉత్తరాలు కూడా తిరస్కరించబడి ఎవరికీ చేరలేదు. ఆరు గంటల క్రితం వేరే పనికి తీసిన ఒక ప్రతి ఉన్నందున మిగతాది దక్కింది, ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రచురించింది. బ్యాకప్పుకు వాడే టార్ వంటి ఆదేశాలతో ప్రతి తీయడం సగం పనే. దానిని మరో చోట విప్పి చూసేవరకు ప్రతి ఉన్నట్లు లెక్క కాదు.

డిస్కు, ప్రక్రియలు

డీఎఫ్ ఆదేశం ప్రతి ఫైలు వ్యవస్థలో ఎంత ఖాళీ ఉందో, డీయూ ఆదేశం ఒక డైరెక్టరీ ఎంత స్థలం తీసుకుందో చూపుతాయి. కొన్నిసార్లు ఈ రెంటి లెక్క కుదరదు. పెద్ద చిట్టా ఫైలును తొలగించినా డీఎఫ్ ‘నిండిపోయింది’ అనే చెబుతుంది, డీయూకు ఆ ఫైలు కనిపించదు. కారణం ఏమంటే, ఆర్ఎం తీసివేసేది ఫైలు పేరును మాత్రమే. ఏదైనా ప్రక్రియ ఆ ఫైలును తెరిచి ఉంచినంతకాలం డిస్కుపై స్థలం విడుదల కాదు. ఎల్ఎస్‌ఓఎఫ్ ఆదేశంతో ఆ ప్రక్రియను కనుగొని దానిని పునఃప్రారంభిస్తే స్థలం తిరిగి వస్తుంది.

నడుస్తున్న ప్రక్రియలను పీఎస్, టాప్ ఆదేశాలు చూపుతాయి. అప్‌టైమ్ చూపే మూడు భారపు అంకెలు గడచిన 1, 5, 15 నిమిషాల సగటులు. మొదటిది మూడవదాని కంటే పెద్దదైతే భారం పెరుగుతున్నట్లు. కిల్ ఆదేశం పేరు భయపెట్టినా, అది చేసేది ప్రక్రియకు సంకేతం పంపడమే. మామూలుగా పంపేది 15వ సంకేతం. ప్రక్రియ తన పని సర్దుకొని ముగుస్తుంది. 9వ సంకేతాన్ని ప్రక్రియ పట్టుకోలేదు, సర్దుకొనే అవకాశం ఉండదు. డేటాబేసుపై నేరుగా 9 ప్రయోగించడం ఆఖరి మార్గంగానే ఉండాలి.

నియమిత సమయాల పనులు

క్రాన్ అనే సేవ నిర్ణీత సమయాలలో పనులు చేస్తుంది. క్రాన్‌టాబ్ ఆదేశంతో ఇచ్చే ప్రతి వరుసలో నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడులు ఉంటాయి. చాలా సర్వర్ల గడియారం సార్వత్రిక కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు. మన రాత్రి 2 గంటలకు జరగవలసిన బ్యాకప్పుకు 20 గంటల 30 నిమిషాలు అని రాయాలి, అదీ సర్వరు లెక్కలో ముందురోజు. నెల మొదటి తేదీన చేయవలసిన పనికి ఇది పెద్ద చిక్కే, ఎందుకంటే ముందు నెల ఆఖరి తేదీ 28 నుండి 31 వరకు ఏదైనా కావచ్చు.

తెలుగు పాఠ్యం

తెలుగుకు యూనికోడ్ స్థానాలు 1991లో వెలువడిన మొదటి వెర్షనులోనే ఉన్నాయి. నేడు సర్వర్లపై తెలుగు ఎక్కువగా యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటుంది. దీనిని 1992లో రూపొందించినవారిలో యునిక్సు సృష్టికర్త కెన్ థాంప్సన్ ఒకరు, రాబ్ పైక్ మరొకరు. ఇందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘రుద్రవరం’ అనే మాటలో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తు, పొల్లు, సున్నలతో కలిపి 8 సంకేతాలు. డబ్ల్యుసి ఆదేశం ‘సి’ ఆప్షనుతో చూపేది, వరుస ముగింపు గుర్తును మినహాయిస్తే, 24 బైట్లు. చాలా ఫైలు వ్యవస్థలలో ఫైలు పేరుకు గరిష్ఠ పరిమితి 255 బైట్లు కనుక, తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు.

లొకేల్ అమరిక సరిగా లేని సర్వరులో ఎల్ఎస్ ఇస్తే ఈ పేరు ప్రశ్నార్థకాలుగానో, అంకెల వరుసగానో కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు, చూపించే తీరే మారింది. చెడిన ఫైలనుకొని తీసివేయకముందు లొకేల్ ఆదేశంతో అమరికను చూడాలి. సార్ట్ ఆదేశం కూడా దీనిపైనే ఆధారపడుతుంది. ‘సి’ లొకేలులో అది బైట్ల వరుసలోనే అమర్చుతుంది కాబట్టి, వర్ణమాలలో ‘హ’ తరువాత వచ్చే ‘ళ’ అక్కడ ‘వ’ కంటే ముందు వస్తుంది. యూనికోడుకు ముందు ఒక్కో ఫాంటుకు ఒక్కో సంకేతపద్ధతిలో టైపు చేసిన తెలుగును ఐకాన్వ్ ఆదేశం మార్చలేదు. అందుకు పద్మ వంటి ప్రత్యేక ఉపకరణాలు వచ్చాయి.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి, అప్పటివరకు కర్నూలు జిల్లాలో ఉన్న రుద్రవరం అందులో చేరింది. ఇటువంటి మార్పును పాత జాబితాలో చేయడానికి సెడ్ ఆదేశం వాడతారు. ‘కర్నూలు’ అన్నచోటల్లా ‘నంద్యాల’ అని పెట్టమంటే ఒక్క క్షణంలో పెడుతుంది, కర్నూలు జిల్లాలోనే మిగిలిన మండలాలతో సహా. ముందుగా గ్రెప్‌తో సంబంధిత వరుసలు చూడడం, సెడ్ ఫలితాన్ని వేరే ఫైలులోకి పంపి డిఫ్‌తో పోల్చడం, ఆ తరువాతే అసలు ఫైలును మార్చడం సరైన క్రమం. రుద్రవరం పేరుతో ఇతర జిల్లాలలోనూ గ్రామాలున్నాయి కాబట్టి గ్రెప్ ఇచ్చిన వరుసల లెక్కను నేరుగా నమ్మరాదు. పైగా ‘కర్నూల్’ అని రాసిన వరుసలు, కంటికి కనిపించని శూన్యవెడల్పు గుర్తు మధ్యలో చేరిన మాటలు గ్రెప్‌కు దొరకవు.

వ్యవస్థల మధ్య తేడాలు

కిల్‌ఆల్ ఆదేశం లైనక్స్‌లో చెప్పిన పేరు గల ప్రక్రియలను మాత్రమే ముగిస్తుంది. సోలారిస్‌లో రూట్‌గా ఇస్తే నడుస్తున్న ప్రక్రియలన్నిటినీ ముగిస్తుంది. లైనక్స్‌కు అలవాటుపడిన చేతికి ఇది పెద్ద ప్రమాదం. సెడ్‌లో ఫైలును అక్కడికక్కడే మార్చే ‘ఐ’ ఆప్షనుకు జీఎన్‌యూ వ్యవస్థలో మరో పదం అక్కరలేదు, ఫ్రీబీఎస్‌డీలో బ్యాకప్పు పేరుకు చేర్చే తోకను కూడా చెప్పాలి. హెచ్‌పీ-యూఎక్స్‌లో డిస్కు ఖాళీని చదవడానికి డీఎఫ్ కంటే బీడీఎఫ్ అనువైనది. లైనక్స్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్, నెట్‌స్టాట్‌ల స్థానంలో ఐపీ, ఎస్ఎస్ వచ్చాయి. 2010లో మొదలైన సిస్టమ్‌డీ వ్యాపించిన తరువాత సేవలను ప్రారంభించడం, ఆపడం సిస్టమ్‌సీటీఎల్ ఆదేశం కిందికి వచ్చింది. డిస్కును వ్యవస్థ నుండి విడదీసే యుమౌంట్ పేరులో మాత్రం ఆంగ్లపదంలో ఉండవలసిన ఒక ‘ఎన్’ 1971లో లేదు, ఇప్పటికీ లేదు.

ఏ వ్యవస్థలో ఏ ఆప్షనుకు ఏ అర్థమో ఆ యంత్రంలోని మాన్ ఆదేశం చెబుతుంది. నిర్వహణ ఆదేశాల పుటలు లైనక్స్, ఫ్రీబీఎస్‌డీలలో 8వ విభాగంలో ఉంటాయి. సోలారిస్‌లో చాలాకాలం ‘1ఎం’ అనే విభాగంలో ఉండి, 11.4 వెర్షనులో 8వ విభాగానికి మారాయి.