ఇంజను దాహం

కొండ ఎక్కే బస్సు నడిమధ్య ఆగిపోవటం, ముందుభాగంనుంచి ఆవిరి బుస్సుమని లేవటం, క్లీనరు నీళ్ళడబ్బా పట్టుకొని దిగటం ఘాట్ రోడ్లమీద పెద్దలు చాలామంది ఎరిగిన దృశ్యమే. తిరుపతినుంచి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న ప్రారంభించారు. అంతకుముందు యాత్రికులు కాలినడకన గాని, డోలీలలో గాని కొండ ఎక్కేవారు. మనుషుల కాళ్ళ శ్రమను ఇంజను తనమీద వేసుకొన్నది. దానితోపాటే దాహాన్నికూడా తెచ్చుకొన్నది. ఈ దాహానికి మూడు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1712లో ఇంగ్లండులో థామస్ న్యూకోమెన్ గనులలోని నీటిని తోడటానికి ఒక ఆవిరియంత్రాన్ని నిర్మించాడు. సిలిండరునిండా ఆవిరిని పట్టి, అందులోనికే చన్నీటిని చిమ్మేవారు. ఆవిరి నీరుగా మారి లోపల పీడనం తగ్గిపోగా, వాతావరణ పీడనం పిస్టనును కిందికి నెట్టేది. అయితే ఆవిరితోపాటు సిలిండరుకూడా ప్రతిసారీ చల్లబడేది. దానిని తిరిగి వేడిచేయటానికే చాలా బొగ్గు ఖర్చయ్యేది. 1765లో జేమ్స్ వాట్‌కు ఒక ఉపాయం తోచింది. ఆవిరిని చల్లార్చే పనిని అతడు వేరొక పాత్రకు అప్పగించాడు. చల్లదనం అవసరమే, కాని అది తగినచోట, తగినంతే ఉండాలన్నది యంత్రశాస్త్రం నేర్చుకొన్న మొదటి పాఠం.

రెండవ పాఠం సముద్రం నేర్పింది. తొలినాటి ఆవిరి ఓడల బాయిలర్లలో సముద్రపు నీరే పోసేవారు. నీరు ఆవిరికాగా ఉప్పు అట్టలు కట్టేది. 1830లలో శామ్యూల్ హాల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీనికి ఒక మార్గం చూపాడు. గొట్టాలకు ఒకవైపు ఆవిరి, మరొకవైపు సముద్రపు నీరు ఉంటాయి. వేడి మాత్రమే గోడ దాటుతుంది, నీళ్ళు కలియవు. 1838లో అట్లాంటిక్ సముద్రాన్ని దాటిన సిరియస్ అనే ఓడలో ఈ ఏర్పాటు ఉన్నది.

నేటి తెరచాప పడవలలో అమర్చే చిన్న ఇంజన్లు అనేకం ఈ సూత్రాన్నే పాటిస్తున్నాయి. మంచినీరు లోపల తిరుగుతుంది. సముద్రపు నీరు దాని వేడిని తీసుకొని పొగగొట్టంగుండా బయటికి పోతుంది. అందుచేత పడవవాడు ఇంజను నడపగానే పొగతోపాటు నీరు వస్తున్నదా అని వెనుకకు వంగి చూస్తాడు. రాకపోతే సముద్రంవైపునుంచి వరుసగా వెదుకుతూ వస్తాడు. అడుగున ఉన్న కవాటం మూసి ఉన్నదా? జల్లెడకు నాచు అడ్డుపడిందా? పంపులోని రబ్బరు రెక్కలు తెగిపోయాయా?

1876లో జర్మనీలో నికొలస్ ఆటో నాలుగు ఘాతాల ఇంజనును నిర్మించాడు. ఇటువంటి ఇంజన్లలో మంట సిలిండరు లోపలే పుడుతుంది. ఆ మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించుతుంది. పోత ఇనుము సుమారు 1200 డిగ్రీలకే కరుగుతుంది. ఇంధనంలోని వేడిలో రమారమి మూడోవంతు పనిగా మారితే, మరొక మూడోవంతు పొగతో పోతుంది. మిగిలినదానిలో చాలాభాగాన్ని నీరు మోయాలి. 1888లో బెర్తా బెంజ్ తన భర్త నిర్మించిన కారులో మన్‌హైమ్‌నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్ళినప్పుడు నీరు మరిగి ఆవిరై పోతుండేది. దారిలో మాటిమాటికీ నీళ్ళు పోయవలసి వచ్చింది. 1901నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టువంటి రేడియేటరును అమర్చాడు. అందులో అవే నీళ్ళు తిరుగుతూ వేడిని గాలికి వదులుతాయి.

ఇప్పుడు మన కొండను లెక్కకట్టి చూద్దాం. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. 10 టన్నుల బస్సును 700 మీటర్లు పైకి ఎత్తటానికి దాదాపు 16,400 కిలోకాలరీల పని కావాలి. ఇంచుమించు అంతే వేడి నీటిలోకి చేరుతుంది. ఒక కిలోగ్రాము మరిగే నీరు ఆవిరి కావటానికి 540 కిలోకాలరీలు పడుతుంది. అంటే రేడియేటరు తన పని చేయకపోతే 30 లీటర్ల నీరు ఆవిరై పోగలదన్నమాట! పైగా ఎగువన బండి వేగం తక్కువ కనుక ఎదురుగాలీ తక్కువే.

చిత్తూరుసీమ రైతుకు ఈ సమస్య బావిగట్టున ఎదురయింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో మద్రాసు రాష్ట్రంలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ బావులమీద ఆయిల్ ఇంజన్లను ప్రోత్సహించాడు. తోడిన నీటిలోనే ఒక పాయను ఇంజనుచుట్టూ తిప్పటం ఇటువంటిచోట సులభం. కాని రాతినేలల బావినీరు తరచు కఠినజలం. అది వేడెక్కినప్పుడు కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కార్బొనేటు సుద్దవంటి పొరగా గోడలకు అంటుతుంది. ఈ పొర ఉష్ణవాహకత ఇనుముకంటె ఎన్నోరెట్లు తక్కువ. నీరు చల్లగానే ప్రవహిస్తున్నా సిలిండరు కాలిపోతుంటుంది. పైరు ఎండే వేళ పిస్టను బిగుసుకొంటే రైతుకు కలిగే నష్టం ఇంజనుతో ఆగదు.

కాబట్టి ఇంజను వేడెక్కితే నాలుగు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. నీరు ఉన్నదా? తిరుగుతున్నదా? లోహంనుంచి నీటికి వేడి అందుతున్నదా? నీటినుంచి గాలికి గాని సముద్రానికి గాని వేడి పోతున్నదా? తొందరపడి థర్మోస్టాటును పీకివేయటం సరికాదు. ఇంజను అతిగా చల్లబడినా ఇంధనం వృథా అవుతుందని న్యూకోమెన్ యంత్రమే చెప్పింది కదా!

ఒక హెచ్చరిక. రేడియేటరు మూత పీడనాన్ని నిలిపి ఉంచుతుంది. పీడనం రెండు వాతావరణాలైతే నీరు 120 డిగ్రీలవరకు మరగదు. తిరుమలలో తెరచిన పాత్రలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 110 డిగ్రీల నీరున్న రేడియేటరు మూతను అక్కడ తెరిస్తే ప్రతి లీటరులోను సుమారు 24 గ్రాములు ఉన్నపళంగా ఆవిరై, 40 లీటర్ల చోటుకోసం ఎగదన్నుతుంది. ముఖమూ చేతులూ కాలటానికి అది చాలు. ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగటమే శ్రేయస్కరం.

విద్యార్థులు మీ ఊరి బావినీటిని ఒక గిన్నెలో, వాననీటిని మరొక గిన్నెలో ఇగిరేదాకా మరగించండి. అడుగున మిగిలిన తెల్లపొరలను పోల్చండి. మీ ఊరి ఇంజన్లకు ఏ నీరు పోయాలో ఆ గిన్నెలే చెబుతాయి.